డెబ్బై గళ్లలో ఒక కబురు

దండోరా వేయడం మీరెప్పుడైనా విన్నారా? టౌన్లలో పెరిగిన పిల్లలు వినివుండరు. నా చిన్నతనంలో మంథని వైపు పల్లెల్లో ఏ కబురు వచ్చినా దండోరాతోనే వచ్చేది. డప్పు మీద నాలుగు దెబ్బలు పడగానే గిన్నెలు తోముతున్న అమ్మలు చేయి ఆపేవారు. గోళీలాడుతున్న మేము గోళీలు జేబులో వేసుకుని పరుగెత్తేవాళ్లం. అప్పుడు డప్పు కొట్టే ఆయన గొంతు సవరించుకుని, "ఇందుమూలంగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా..." అని అందుకునేవాడు. అసలు సంగతి ఆ తరవాతే. ఆయనకు తొందరేముంది? డప్పు అప్పటికే అందరి చెవులనూ పట్టి లాక్కొచ్చింది కదా!

ఈ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో చెబుతాను. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో బట్టల దుకాణం పెట్టాడు. మామూలుగా దసరాకు ముందు సింగరేణి కార్మికులకు లాభాల వాటా అందుతుంది. ఆ వారంలో లక్ష్మీనగర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. ప్రతి దుకాణం వాడూ సెల్‌ఫోన్లకు కబుర్లు పంపుతాడు. మనవాడూ పంపాలనుకున్నాడు. ఒకరోజు బడికి వచ్చి, "సార్, ఇంగ్లీషుల పంపితె ఒక్క మెసేజి పైసలే పడుతున్నయి. తెలుగుల పంపితె రెండిటి పైసలు పడుతున్నయి. తెలుగుకు ఎక్కువ పన్నేసిన్రా ఏంది?" అని అడిగాడు.

"ఏం రాసినవ్‌రా, చూపెట్టు" అన్నాను. ఫోను తీసి చూపించాడు:

"ఇందుమూలంగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా మా దుకాణంలో దసరా సందర్భంగా అన్ని రకాల బట్టలపై పది శాతం తగ్గింపు ఇవ్వబడును"

చూశారా! డప్పు లేదు గాని దండోరా మాత్రం అలాగే ఉంది.

పన్ను ఎవరూ వేయలేదు. ఇదంతా గళ్ల లెక్క. ఆ లెక్క తెలియాలంటే ముందు ఒకసారి బొగ్గుగనిలోకి దిగాలి.

పాతకాలపు ఇంక్లైను గనిలో బొగ్గు నింపిన టబ్బులను ఇనుపతాడు పైకి లాగేది. తాడును చుట్టే హాలేజీ ఇంజను పైన ఎక్కడో ఉండేది. దాన్ని నడిపే మనిషికి కింద ఏం జరుగుతోందో కనపడదు. అందుకని దారి పొడుగునా ఒక సిగ్నలు తీగె ఉండేది. కింద లాగితే పైన గంట మోగుతుంది. ఎన్ని గంటలకు ఏమిటి అర్థం అన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. బండి నడుస్తుండగా ఒక్క గంట మోగిందంటే 'ఆపు' అని అర్థం. గమనించండి, అన్నిటికన్నా ముఖ్యమైన కబురుకు అన్నిటికన్నా చిన్న గుర్తు! ప్రమాదంలో ఉన్నవాడు ఐదారు గంటలు లెక్కపెట్టి కొడుతూ కూర్చోలేడు.

ఇక్కడ రెండు దారులున్నాయన్నమాట: బరువు మోసే తాడు ఒకటి, కబురు మోసే తీగె ఒకటి. సెల్‌ఫోనులోనూ ఇంతే. మనం మాట్లాడే మాటలు పోవడానికి ఒక దారి, ఫోనూ టవరూ తమలో తాము 'నేనిక్కడ ఉన్నాను', 'నీకు పిలుపు వచ్చింది' అని చెప్పుకోవడానికి మరో సన్నని దారి. ఈ రెండో దారి చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీలో చిన్న చిన్న రాతకబుర్లు పంపితే ఎలా ఉంటుందని 1980లలో యూరపు ఇంజనీర్లు ఆలోచించారు. ఎస్సెమ్మెస్ పుట్టింది అలాగే. ఫోను కబురు టబ్బులో ఎక్కి రాదు, సిగ్నలు తీగె పట్టుకుని వస్తుంది. అందుకే అది చిన్నదిగా ఉండాలి.

ఎంత చిన్నది? ఆ ఇంజనీర్లలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఒకాయన 1985లో బాన్ నగరంలో తన ఇంట్లో టైపురైటరు ముందు కూర్చుని, తోచిన వాక్యాలూ ప్రశ్నలూ కొడుతూ ఒక్కొక్క దానిలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాడట. దాదాపు అన్నీ 160 లోపే ఉన్నాయి. ఇది చాలు అనుకున్నాడు. మొదటి కబురు 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో వెళ్లింది. నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి ఫోనుకు 'మెర్రీ క్రిస్మస్' అని పంపాడు. ఇంగ్లీషులో లెక్కిస్తే, మధ్య ఖాళీతో కలిపి 15 అక్షరాలు. హిల్లెబ్రాండ్ గారు ఆ రోజు తెలుగులో టైపు కొట్టి ఉంటే లెక్క ఎలా తేలేదో అని నాకప్పుడప్పుడు అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు లెక్క చేద్దాం. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. బైటుకు 8 బిట్లు. అంటే 140 × 8 = 1120 బిట్లు. బిట్టు అంటే మరేం కాదు, వెలగడమో ఆరడమో రెండే తెలిసిన దీపం లాంటిది. ఏడు దీపాలను వరసగా పెట్టి వెలిగిస్తూ ఆర్పుతూ పోతే 128 రకాల వరసలు వస్తాయి (రెండును ఏడుసార్లు హెచ్చవేసి చూడండి). ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి, అంకెలు, కామాలు, ఫుల్‌స్టాపులు అన్నిటికీ ఈ 128 సరిపోతాయి. కనుక ఒక్కో అక్షరానికి 7 బిట్లు. 1120ని 7తో భాగించండి. 160 వచ్చిందా?

ఆ 128లో తెలుగుకు చోటు లేదు. తెలుగు కబురు పోవాలంటే యూనికోడ్ అనే పెద్ద పట్టిక వాడాలి. ప్రపంచంలోని లిపులకు వరసనంబర్లు ఇచ్చిన పట్టిక అది. అందులో తెలుగు పేటకు 128 ఇళ్లు కేటాయించారు. ఎస్సెమ్మెస్‌లో ఆ పట్టిక నుంచి తెచ్చే ప్రతి గుర్తుకూ 16 బిట్లు కావాలి. 1120ని 16తో భాగిస్తే 70. తెలుగువాడికి దక్కేవి 70 గళ్లు!

అంతటితో అయిపోలేదు. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించేది ఫోనుకు ఒక్కటి కాదు. 'గో' అంటే గకారం ఒక గడి, ఓత్వం ఒక గడి. 'గోదావరిఖని' మనకు ఆరు అక్షరాలు, ఫోనుకు 10 గళ్లు. ఒత్తు వచ్చిందా, దాని ముందు కంటికి కనపడని పొల్లు ఒకటి చేరుతుంది. 'అమ్మ' అంటే అ, మ, పొల్లు, మ - నాలుగు గళ్లు. ఇక 'స్త్రీ' చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఒక్క అక్షరం ఆరు గళ్లు మింగింది!

కబురు 70 దాటితే ఫోను దాన్ని ముక్కలు చేస్తుంది. ఏ ముక్క తరవాత ఏది అతకాలో చెప్పడానికి ప్రతి ముక్కలోనూ 6 బైట్లు ఖర్చవుతాయి. 140లో 6 పోతే 134. అంటే ముక్కకు 67 గళ్లే మిగులుతాయి. మరో చిత్రం: ఇంగ్లీషు కబురులో ఒక్క తెలుగక్షరం చేర్చినా సరే, మొత్తం కబురు 16 బిట్ల లెక్కలోకి మారిపోతుంది. చాలా ఫోన్లలో రాసే చోట ఇంకా ఎన్ని గళ్లు మిగిలాయో అంకె కనిపిస్తుంది. ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి, చివర 'అ' పెట్టి చూడండి. అంకె గబుక్కున పడిపోతుంది.

మనవాడి కబురు లెక్కపెట్టాం. 'ఇందుమూలంగా' మొదలు 'ఏమనగా' వరకు 41 గళ్లు. మొత్తం కబురు 115. రెండు ముక్కలన్నమాట. అందుకే రెండింటి పైసలు.

'మరి వాట్సాప్‌లో పంపితే?' అంటారు మీరు. నిజమే, అది ఇంటర్నెట్ దారిన పోతుంది. అక్కడ 70 గళ్ల బాధ లేదు. కాని ఫోను మోగినప్పుడు తెర మీద మొదట కనిపించేది ఒకటి రెండు వరసలే. దండోరా పీఠికతోనే ఆ వరసలు నిండిపోతే వెనకున్న తగ్గింపు సంగతి ఎవరికి తెలుస్తుంది? ఫోను ద్వారం వెడల్పయినా దాని వెనక ఇంకో ఇరుకు ద్వారం ఉంది. అది మన తలలో ఉంది.

కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1953లో ఒక ప్రయోగం ప్రకటించాడు. మనుషులకు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, కుడి చెవిలో ఒక ప్రసంగం, ఎడమ చెవిలో మరో ప్రసంగం వినిపించాడు. ఒక చెవిలోదాన్ని వెంటవెంటనే పైకి అప్పజెప్పమన్నాడు. అప్పజెప్పారు. రెండో చెవిలో ఏం చెప్పారు అని అడిగితే తెల్లమొహం వేశారు! మధ్యలో భాష మారిపోయినా గుర్తించలేదు. కాని మగగొంతు పోయి ఆడగొంతు వచ్చినా, ఉత్త కూత వినిపించినా గుర్తించారు. 1959లో నెవిల్ మోరే అనే ఆయన ఇంకొంచెం ముందుకుపోయి, పట్టించుకోని చెవిలో ఆ మనిషి పేరే పలికించాడు. మూడింట ఒకవంతు మంది తమ పేరును పట్టేశారు.

మన మెదడు గడప దగ్గర ఒక కావలివాడు ఉన్నాడనుకోండి. వాడు వచ్చిన కబురునల్లా లోపలికి రానివ్వడు. మార్పు కనిపిస్తే తలుపు తీస్తాడు. తన యజమానికి సంబంధించినదయితే తీస్తాడు. డప్పు దెబ్బ ఆ మార్పే. మరి రోజూ అదే డప్పు మోగితే? కావలివాడు అలవాటుపడి కునుకు తీస్తాడు. మా ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగి కిటికీలు గలగలమంటే ఉలిక్కిపడి లేస్తారు. మేం చాయ్ గ్లాసు కూడా కింద పెట్టం. 'త్వరపడండి!!!' అనే కబుర్లు రోజుకు పది వస్తే పదకొండో దానికీ ఇదే గతి. అందుచేత దుకాణంవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: అరుపు మానేసి, చదివేవాడికి పనికొచ్చే మాట మొదట పెట్టండి. 'పది శాతం' అంటే అతను లెక్క వేసుకోవాలి. '500ది 450కే' అంటే లెక్క మీరే వేసి పెట్టినట్టు.

ఈ కావలివాడి సంగతి నిజాయితీగల దుకాణదారుకే తెలిస్తే బాగుండేది. దొంగలకూ తెలుసు.

మా వీధిలో గనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఒక సాయంత్రం ఆయనకు కబురు వచ్చింది. బిల్లు కట్టనందుకు ఈ రాత్రి 9:30కి మీ ఇంటి కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అని. ఫోను చేశాడు. అవతలివాడు చెప్పినట్టల్లా చేశాడు. ఒక గంట తిరిగేసరికి దాచుకున్న డబ్బులో పెద్ద భాగం పోయింది. 'అంత అనుభవం ఉండి ఎట్లా మోసపోయావే తాతా' అని మనవళ్లు అడుగుతుంటే ఆయన తల దించుకుని కూర్చున్నాడు.

నేను ఆ పిల్లలకు హాలేజీ గంట కథే చెప్పాను. ఒక్క గంట మోగితే ఆలోచించకూడదు, ఆపెయ్యాలి. ముప్పై ఏళ్లు ఆ అలవాటే ఆయన ప్రాణాన్నీ, తోటివాళ్ల ప్రాణాలనూ కాపాడింది. గనిలో ఆ తీగెను ఎవరు పడితే వారు లాగడానికి లేదు. అవతల ఉన్నది తెలిసిన మనిషే. ఫోను తీగెకు ఆ కట్టడి లేదు. ప్రపంచంలో ఏ మూల నుంచి ఎవడైనా లాగవచ్చు. దొంగ రాసిన కబురులో 'ఈ రాత్రి', 'కట్', 'వెంటనే' - మూడూ ఆ ఒక్క గంటను మోగించే మాటలే.

ఇప్పుడు ఆ దొంగ కబురునూ, మనవాడి దసరా కబురునూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కావలివాడిని లేపుతాయి. చీర 450 అన్నవాడు మిమ్మల్ని దుకాణానికి రమ్మంటున్నాడు. వెళ్లి చీర పట్టుకుని చూసి, నచ్చకపోతే తిరిగి రావచ్చు. కరెంటు కట్ అన్నవాడు మాత్రం ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో అంతా తన కబురులోనే ఇరికించి పెట్టాడు. ఆ నంబరు వదిలేసి, ఇంట్లో ఉన్న పాత కరెంటు బిల్లు మీది నంబరుకు చేసి ఉంటే కథ అక్కడే ఆగేది.

ఈ బెడద తగ్గించడానికి మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొన్ని కట్టుబాట్లు పెట్టింది. దుకాణమైనా, బ్యాంకయినా, పంపేవారి పేరూ కబురు నమూనా కూడా ముందే నమోదు చేయించుకోవాలి. అలా వచ్చే కబురు పైన పదంకెల నంబరు ఉండదు, ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టి పేరుంటుంది. 2025 నుంచి ఆ పేరు చివర ఒక గీత, ఒక అక్షరం చేర్చారు. వ్యాపార ప్రచారమైతే పి, సేవలకు ఎస్, లావాదేవీలకు టి, ప్రభుత్వానిదైతే జి. ఇంట్లో ఫోను తీసి చూడండి, కనిపిస్తాయి. ప్రచారాలు వద్దనుకునేవారు 1909కి చెప్పి ఆపించుకోవచ్చు. డబ్బు పోయినవారు క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. మా పెద్దాయన సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజుల్లో డబ్బు ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది.

ఇంతకీ మనవాడి కబురు ఏమైందంటారా? ఇద్దరం కూర్చుని నల్లబల్ల మీద గళ్లు గీసి ఇలా తయారుచేశాం:

"దసరా చీర: 500ది 450కే. ఆదివారం దాకా. లక్ష్మీనగర్."

లెక్కపెట్టండి, 49 వస్తాయి. ఖాళీలనూ చుక్కలనూ మరిచిపోవద్దు. ఆ తరవాత ఒక ఖాళీ, దుకాణం పేరుకు 14. మొత్తం 64.

"సార్, ఇంకా ఆరు మిగిలినయి" అన్నాడు.

ఒక ఖాళీ వదిలి 'రండి' అని రాశాను. 69. మిగిలిన ఒక్క గడిలో ఆశ్చర్యార్థకం పెట్టుకుంటానన్నాడు. చాక్‌పీసు చేతికి ఇవ్వలేదు.