స్టేషను ఎదుటి లాడ్జి - అద్దె ఒక్కటే లెక్క కాదు

మన కాలేజీ నుంచి ఏటా ఎంతమంది సికింద్రాబాదు బండి ఎక్కుతారో లెక్క తీసినవారు లేరు గాని, ఎక్కనివారు మాత్రం తక్కువే. పోటీ పరీక్ష ఉందని ఒకరు, పి.జి. సీటు కోసమని ఒకరు, ఇంటర్వ్యూ వచ్చిందని ఒకరు, ఇంట్లో పెద్దవాళ్ళను పెద్దాసుపత్రిలో చూపించాలని మరొకరు. బంధువులున్నవాళ్ళకు బెంగలేదు. లేనివాళ్ళకు స్టేషను ఎదుటి లాడ్జే గతి.

వెళ్ళేముందు హాస్టల్లో సీనియర్లను అడిగే ప్రశ్నలు మూడే. అద్దె ఎంత? వేడినీళ్ళు వస్తాయా? స్టేషనుకు ఎంత దూరం? కాస్త అనుభవం ఉన్నవాడైతే నల్లుల సంగతి గూడా అడుగుతాడు. ఇవన్నీ అడగవలసినవే. కాని వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. దాన్ని ఎవరూ అడగగా నేను వినలేదు. "రాత్రి పొగ వస్తే ఎటునుంచి దిగాలి?" అన్నదే ఆ ప్రశ్న. ఈ వ్యాసం ముఖ్యంగా దానికోసమే. అయితే అద్దె సంగతి తేల్చకుండా ఆ మాట చెబితే వినేవాళ్ళుండరు కాబట్టి ముందు ఆ లెక్కలే చూద్దాం.

స్టేషను చుట్టూ లాడ్జిలు ఎందుకు?

సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. వాడి జంక్షను నుంచి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వారి లైను అది. రైలు రాకముందు బాటసారికి దిక్కు సత్రమో, సరాయో. రైలు వచ్చాక ఆ సత్రాలు కూడా స్టేషన్లను వెతుక్కుంటూ వచ్చాయి. మద్రాసు సెంట్రల్ దగ్గరి రామస్వామి మొదలియార్ సత్రం, హైదరాబాదు స్టేషను దగ్గరి నాంపల్లి సరాయి అట్లాంటివే. ధర్మానికి కట్టినవి గనుక వాటికి విశాలమైన ఆవరణ, చుట్టూ వసారాలు ఉండేవి.

తర్వాత వచ్చిన లాడ్జి ధర్మం కాదు, వ్యాపారం. అందులో తప్పేమీ లేదు. కాని స్టేషను ఎదుటి గజం భూమి బంగారంతో సమానం. అందుచేత వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ అయిన కట్టడాలు లేచాయి. రోడ్డు వైపు అడుగు జాగా కూడా ఖాళీగా ఉంచరు, దుకాణాలకు అద్దెకిస్తారు. ఆ దుకాణాల పక్కనుంచి సన్నటి మెట్లదారి పైకి పోతుంది. రెండో మెట్లదారి కడితే అంతస్తుకు ఒక గది తగ్గుతుంది, గది తగ్గితే రోజూ ఒక అద్దె తగ్గుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

రోజు అంటే ఎన్ని గంటలు?

లాడ్జి వారి రోజు రెండు రకాలు. ఒకటి, మనం దిగిన గంట నుంచి 24 గంటలు. రెండోది, ఎప్పుడు దిగినా సరే, మధ్యాహ్నం పన్నెండుకో మరొక గంటకో ఖాళీ చేయవలసిన రోజు. ఉదాహరణకు మీరు తెల్లవారుజామున ఐదింటికి దిగారు, తొమ్మిదింటికి పరీక్ష, రాత్రి తొమ్మిదికి తిరుగు బండి. మొదటి రకం లాడ్జిలో ఒక రోజు అద్దెతో పని జరిగిపోతుంది. రెండో రకంలో ఏడు గంటలకే ఒక రోజు అద్దె చెల్లుతుంది. పరీక్ష హాల్లో ఉండగానే గది గడువు దాటి రెండో రోజు లెక్కలో పడుతుంది. కాబట్టి కౌంటరు దగ్గర "అద్దె ఎంత?" అనే ముందు "చెకౌట్ ఎప్పుడు?" అని అడగాలి.

పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు అద్దె గదులపై జి.ఎస్.టి. 5 శాతం. అంతకు ముందు 12 శాతం ఉండేది. అద్దె 800 అనుకుంటే పన్ను 40. అంతకన్నా ఎక్కువ పన్ను పేరుతో అడిగితే బిల్లు చూపమనండి.

స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికే అయితే అసలు లాడ్జి అవసరమా అన్నది గూడా ఆలోచించాలి. రైల్వే వారి రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నాయి. ఖాయమైన టిక్కెట్టు గాని, ఆర్.ఏ.సి. టిక్కెట్టు గాని ఉంటే దాని పి.ఎన్.ఆర్. నంబరుతో ముందుగానే ఇంటర్నెట్టులో రిజర్వు చేసుకోవచ్చు. ఒంటరిగా ప్రయాణం చేసే అమ్మాయిలకు ఇది మంచి ఉపాయం. సామాను ఒక్కటే బరువైతే క్లోక్ రూము ఉంది. తాళం వేసిన పెట్టెనే తీసుకుంటారు గనుక తాళం మరచిపోకూడదు.

అయితే సికింద్రాబాదు స్టేషనుకు 2023 ఏప్రిల్లో పునర్నిర్మాణానికి శంకుస్థాపన జరిగింది, 2025లో పాత భవనాన్ని కూల్చారు. ఆ పనుల మూలంగా కొన్ని బండ్లను, 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు. కాబట్టి ఏ వసతి ఎక్కడుందో, తిరుగు బండి ఏ స్టేషనులో ఎక్కాలో 139కి ఫోను చేసి ముందే కనుక్కోవడం మేలు. సికింద్రాబాదులో గది తీసుకుని చర్లపల్లిలో బండి ఎక్కవలసి వస్తే దగ్గర లాడ్జి అన్న సుఖం కాస్తా పోతుంది.

గుర్తింపు కార్డు లేనిదే గది ఇవ్వరు. కార్డు చూపడం మన ధర్మం. కాని ఆధార్ జిరాక్సు ఇవ్వవలసి వస్తే, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చు. దాన్ని ఆధార్ సంస్థ వారి వెబ్‌సైటు నుంచే తీసుకోవచ్చు.

పొగాకు బారను చెప్పే పాఠం

ఇక అసలు సంగతి. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక హోటలు కింది భాగంలో ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూములో నిప్పు పుట్టింది. మంట కిందనే ఉంది. పొగ మాత్రం మెట్లదారి పట్టుకుని పై అంతస్తులకెక్కింది. కొందరు కిటికీల్లోంచి దూకారు. ఎనిమిది మంది చనిపోయారు. పనిమీద ఊరికి వచ్చి ఒక రాత్రికి గది తీసుకున్న మనబోటి వాళ్ళే వాళ్ళు. ఇది ఒక్క ఊరి కథ కాదు. 2019 ఫిబ్రవరి 12న ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక హోటల్లో 17 మంది, 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన ఒక హోటల్లో 10 మంది ఇట్లాగే పోయారు.

కింద నిప్పు ఉంటే పైన మనిషి ఎందుకు పోతాడు? నేను పొగాకు పండించే ఇంటి బిడ్డను గనుక నాకు తెలిసిన పోలికే చెబుతాను. బారనుకు బయట పొయ్యి ఉంటుంది. ఆ వేడి రేకు గొట్టాల గుండా బారను అడుగున తిరుగుతుంది. లోపలి గాలి వేడెక్కి, తేలికై, కర్రలకు కట్టిన ఆకు మధ్యనుంచి పైకి లేస్తుంది. కింది కంతలు, పై కిటికీలు రెండూ తెరిచామంటే కిందనుంచి చల్లగాలి జొరబడుతుంది, పైనుంచి వేడిగాలి తోసుకుపోతుంది. ఎంత తెరవాలి, ఎప్పుడు మూయాలి అన్నదే ఆకు కాల్చేవాడి పనితనమంతా.

ఇప్పుడు లాడ్జిని చూడండి. కింద షట్టరు తెరిచిన దుకాణం, పైన తలుపు తెరిచిన డాబా, రెంటికీ మధ్య నిలువుగా మెట్లదారి. ఇది కంతలూ కిటికీలూ పూర్తిగా తెరిచిన బారనే! భౌతికశాస్త్రం వారు దీన్ని చిమ్నీ ప్రభావం అంటారు. మనిషి మెట్లెక్కే వేగం కన్నా పొగ ఎక్కే వేగం ఎక్కువ. మనుషులు దిగడానికి కట్టిన దారే పొగ ఎక్కడానికి దారి అవుతుంది. దారి ఒక్కటే అయినప్పుడు పై వాళ్ళకు ఇక దారి లేనట్టే. అంతస్తుకు ఒక గది కలిసి వస్తుందని మానేసిన రెండో మెట్లదారి ఖరీదు ఆ రాత్రి తెలుస్తుంది.

ఇక రసాయనశాస్త్రం. గాలి చాలని చోట మండే వస్తువు కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే గట్టిదనం కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. అందుచేత నిద్రలో ఉన్నవాడు లేవకుండానే స్పృహ తప్పుతాడు. లిథియం అయాన్ బ్యాటరీలైతే ఒక సెల్ హద్దు మీరి వేడెక్కిందంటే లోపలి చర్యలే మరింత వేడిని పుట్టిస్తాయి, అది పక్క సెల్‌కు అంటుకుంటుంది. వాటిలోని ద్రావణులు మండే గుణం కలవి. వచ్చే పొగ విషపూరితం. కాబట్టి లాడ్జి కింద ఏ దుకాణం ఉందన్నది పరుల గొడవ కాదు, మన ప్రాణం గొడవ.

అయిదు నిమిషాల పని

ఇవన్నీ చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అడ్వాన్సు కట్టే ముందు అయిదు నిమిషాలు ఖర్చు పెడితే చాలు.

మొదట రోడ్డు మీద నిలబడి కింద ఏముందో చూడాలి. బ్యాటరీలు, గ్యాసు సిలిండర్లు, రంగుల డబ్బాలు, పరుపుల గోదాము ఉంటే ఇంకో లాడ్జి చూసుకోవడం మంచిది. లోపలికి వెళ్ళాక రెండో మెట్లదారి ఉందా అని అడగాలి. ఉందంటే ఎక్కి చూడాలి. తాళం వేసిన తలుపు, పాత మంచాలు పేర్చిన మెట్లు ఉన్నా లేనట్టే లెక్క. గది కిటికీ తెరుచుకోవాలి. బయటంతా అద్దాలు బిగించిన ఏ.సి. గది చూపుకు బాగుంటుంది గాని, పొగకు పోయే దారి ఉండదు, మన కేకకూ దారి ఉండదు. ఒక్కోచోట పై అంతస్తు గది చవకగా ఇస్తారు. ఆ పది రూపాయల కోసం పైకి పోకుండా మొదటి, రెండో అంతస్తుల్లోనే అడగాలి. గది నుంచి మెట్లదాకా మధ్యలో ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోవాలి, చీకట్లో గోడ తడుముకుంటూ పోవడానికి అది పనికివస్తుంది. గదిలోని ఒక్క ప్లగ్గుకు నలుగురి సెల్‌ఫోన్లు తగిలించి, పరుపు మీద చార్జింగు పెట్టి నిద్రపోకూడదు.

ఒకవేళ పొగ వస్తే? లిఫ్టు జోలికి పోవద్దు. తలుపును చేతి వెనుకవైపుతో తాకి చూడాలి. చల్లగా ఉండి, దారి కనబడితే వంగి, అవసరమైతే పాకుతూ దిగాలి. మంచిగాలి నేల దగ్గరే ఉంటుంది. తలుపు వేడిగా ఉన్నా, వరండా పొగతో నిండినా బయటకు పోవద్దు. తలుపు మూసి, దుప్పటి తడిపి సందుల్లో కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకవేయాలి, టార్చిలైటు ఊపాలి. 101కి గాని, 112కి గాని ఫోను చేసి హోటలు పేరు, అంతస్తు, గది నంబరు చెప్పాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే మసి ఆగుతుంది, కార్బన్ మోనాక్సైడు ఆగదు. కాబట్టి గుడ్డ ఉందిగదా అన్న ధైర్యంతో పొగలోకి దూకకూడదు.

మన చేతిలో ఉన్న పని

"బాబూ, నీ మాటలన్నీ డబ్బున్నవాళ్ళకు. మూడు వందల గదికి వెళ్ళేవాడికి ఎంచుకునే వీలెక్కడిది?" అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంటినుంచి పంపే డబ్బు ఎన్ని కోతలు కోసి పంపుతారో నాకూ తెలుసు. రెండో మెట్లదారి కట్టించడం, మెట్లమీది సామాను తీయించడం లాడ్జి యజమాని బాధ్యత, తనిఖీ చేయించడం పురపాలక, అగ్నిమాపక శాఖల బాధ్యత. ఆ భారం పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లవాడి నెత్తిన పెట్టడం ధర్మం కాదు. కాని వాళ్ళు చేసేదాకా మనం పడుకోకుండా ఉండలేం గదా! ఒకే అద్దెకు పక్కపక్కనే నాలుగు లాడ్జిలున్న వీధిలో చూసి ఎంచుకోవడానికి పైసా ఖర్చు కాదు.

అందుకని విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. మన యూనియన్ ఆఫీసులో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ ఊరు వెళ్ళివచ్చిన విద్యార్థి అయినా తాను దిగిన లాడ్జి గురించి ఆరు సంగతులు రాయాలి: అద్దె, చెకౌట్ పద్ధతి, మెట్లదారులు ఎన్ని, కిటికీ తెరుచుకుంటుందా, కింద ఏ దుకాణం, అమ్మాయిలు ఉండదగినదేనా. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, మద్రాసుల్లో స్థిరపడిన పూర్వవిద్యార్థులు తమ స్టేషన్ల దగ్గరి నాలుగేసి లాడ్జిలను తీరిక ఉన్నప్పుడు చూసి రెండు వాక్యాలు రాసి పంపితే చాలు. సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళే అధ్యాపకులు కూడా ఒక చెయ్యి వేయవచ్చు. ఒక్క ఏడాదిలో ఆ పుస్తకం నిండుతుంది. వచ్చే సంవత్సరం మొదటిసారి బండి ఎక్కే జూనియరు, చేతిలో హాల్ టిక్కెట్టుతో పాటు ఏ లాడ్జికి రెండు మెట్లదారులున్నాయో రాసుకున్న కాగితం గూడా పట్టుకుని వెళతాడు.