మీకు తెలుసా? వెట్టి నుంచి సాయుధ పోరుకు

ఖమ్మం జిల్లాలోని ఏన్కూరు నిజాం రాజ్యంలో ఉంటే, అడవి ఆవలి భద్రాచలం బ్రిటిష్ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. బ్రిటిష్ ఏలుబడిలో బానిసత్వానికి చట్టబలం 1843లోనే పోయింది, కాగితం మీదనైనా. నిజాం తెలంగాణలో మాత్రం తండ్రి చేసిన అప్పుకు కొడుకు కూడా భాగేలాగా, అంటే అప్పుకు కట్టుబడిన జీతగాడిగా, దొర దగ్గర గొడ్డుచాకిరీ చేయాల్సిందే. పేరుకది అప్పు, నిజానికి బానిసత్వమే!

నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్రమహాసభ 1944లో భువనగిరి సభతో చీలింది. కమ్యూనిస్టుల పట్టు నచ్చని మితవాదులు విడిపోయారు. కమ్యూనిస్టు నేత రావి నారాయణరెడ్డి వర్గం వెట్టి మీద, బేదఖళ్ల (రైతులను భూమి నుంచి వెళ్లగొట్టడం) మీద పోరును పల్లెపల్లెకూ చేర్చి, 1945లో ఖమ్మంలోనే మహాసభ జరిపింది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తూటాకు ఆంధ్రమహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అక్కడ రాజుకున్న సాయుధ పోరు 1951 దాకా సాగింది. వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని పార్లమెంటు 1976లో గానీ చేయలేదు.