పాత కారు నగలు విప్పే నేర్పు

తలుపుల ప్రక్కన, బోనెట్ అంచున మెరిసే పట్టీలు చూపులకు అలంకారాలు. వాటి వెనుక ఏళ్ళ తరబడి నీరూ మట్టీ దాగి ఉంటాయి. అవి వంగకుండా, రంగు చెక్కుకుపోకుండా ఊడదీయడం ఓర్పు గలవారెవరైనా నేర్చుకోదగిన విద్య.

సూరత్ నగరానికి ఉత్తర దిక్కున, తాపీ నది ఒడ్డున ఉన్నది కతర్‌గామ్. ఒకప్పుడు ఇది పొలాల నడుమ పల్లె. ఇక్కడి పాపడీ చిక్కుడు లేనిదే ఊంధియూ కూరకు రుచి రాదని సూరత్ వాసులు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆ పొలాల స్థానంలో వజ్రాలు సానపట్టే కార్ఖానాలు, ఎంబ్రాయిడరీ యంత్రశాలలు వెలిశాయి. ప్రపంచంలో సానపట్టబడే వజ్రాలలో అత్యధిక భాగం ఈ నగరపు పనివారి చేతుల మీదుగానే పోతుంది. వారిని అక్కడ ‘రత్నకళాకారులు’ అని గౌరవంగా పిలుస్తారు. తెలుగువారికి కూడ సూరత్ పరాయి ఊరు కాదు. మరమగ్గాల పనికై తెలంగాణ నుండి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడి ఉన్నాయి.

అట్టి కతర్‌గామ్‌లో ఒక ఇంటి ముంగిట, రేకుల పందిరి క్రింద, ఒక పాత ఫియట్ కారు నిలిచి ఉన్నదనుకోండి. దానిని ముచ్చటపడి కొన్న తండ్రి ఇప్పుడు లేడు. కుమారుడు దానికి మళ్ళీ రంగు వేయించి నడపదలచాడు. రంగు వేసే పనివాడు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. “ఈ బీడింగులకు కాగితం అంటించి పైపైన కొట్టేద్దాం, భాయ్. వద్దంటే స్క్రూడ్రైవరుతో రెండు నిమిషాల్లో పీకేస్తాను” అన్నాడు. కుమారుడు ఒక్క ఆదివారం గడువు అడిగాడు. ఆ గడువులోనే ఆ కారు భవిష్యత్తు ఇమిడి ఉన్నది.

మళ్ళీ దొరకని వస్తువు

బీడింగు అనగా కారు ఒంటి మీద, తలుపుల పొడవునా, అద్దాల చుట్టూ అమర్చే లోహపు పట్టీ. కొత్త కార్లలో ఇది చాలవరకు ప్లాస్టిక్కు. పాత కార్లలో తుప్పుపట్టని ఉక్కుతోనో, క్రోమియం పూత పూసిన ఇనుము లేక ఇత్తడితోనో, అల్యూమినియంతోనో చేసేవారు. మందం కాగితం అట్టను మించని ఈ పట్టీ ఒకసారి మడతపడితే ఆ మడత మచ్చగా మిగిలిపోతుంది.

కొత్తది కొనుక్కోవచ్చును గదా అంటారేమో! ఎక్కడ కొంటారు? 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చి, 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకున్న కారు తయారీ 2000 సంవత్సరం ప్రాంతంలో ఆగిపోయింది. ముంబయి వీథులలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నది. మన మంత్రులకూ కలెక్టర్లకూ దశాబ్దాల పాటు వాహనమైన అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ఇక మిగిలినవి పాత సామానుల అంగళ్ళు. అక్కడ దొరికే పట్టీ కూడ ఎవరో స్క్రూడ్రైవరుతో పీకినదే అయి ఉండవచ్చును.

ఇందులో చట్టపరమైన విషయం కూడ ఒకటున్నది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 ఏళ్ళు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా గుర్తించేందుకు కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిబంధనలు ప్రకటించింది. చాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్పు చెందక, వాహనం అసలు రూపంలో ఉండాలన్నది అందులోని షరతు. తుప్పు తిన్న బాడీని కోసి అతుకులు వేస్తూ పోతే అసలు రూపం ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మెరుపు వెనుక తుప్పు

కాగితం అంటించి పైపైన రంగు కొట్టడంలోని ప్రమాదం ఇక్కడే ఉన్నది. పట్టీ వెనుక సన్నని సందు ఉంటుంది. వాన నీరు, దుమ్ము, పాలిష్ మైనం అందులో చేరి తేమను పట్టి ఉంచుతాయి. పట్టీని నిలిపేందుకు బాడీ రేకుకు రంధ్రాలు వేసి ఉంటారు. ఆ రంధ్రాల అంచులలో రంగు పలుచగా ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానినొకటి తాకుతూ, నడుమ ఉప్పు తేమ చేరితే, అది చిన్న బ్యాటరీ వలె పనిచేస్తుంది. తుప్పుపట్టని ఉక్కు క్షేమంగా ఉండి, దాని ప్రక్కనున్న మామూలు ఇనుప రేకు త్వరగా క్షయిస్తుంది. పట్టీ ఎంత మెరుస్తున్నా వెనుక రేకు గుల్ల కావడానికి కారణమిదే.

సముద్రానికి దగ్గరలో ఉన్న సూరత్ గాలిలో తేమకు కొదువలేదు. అంతకు మించి ఆ నగరం వరదలను చూసింది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీటితో తాపీ పొంగి, నగరంలో అధికభాగాన్ని ముంచివేసింది. వరద తీసిన తరువాత కారును ఎంత కడిగినా, బీడింగుల వెనుక చేరిన ఒండ్రు మట్టి అక్కడే ఉండిపోతుంది. పట్టీ విప్పితే గాని అది బయటపడదు.

ముందు కన్ను, తరువాత చేయి

వజ్రాల పనిలో ముడిరాయిని కోయక ముందు దానిని భూతద్దంలో చాలాసేపు పరిశీలించి, ఎక్కడ కోయాలో సిరాతో గుర్తు పెట్టడం పాత ఆచారం. సానపట్టే మనిషి కూడ రాయిని క్షణకాలం చక్రానికి తాకించి, ఎత్తి చూసి, మళ్ళీ తాకిస్తాడు. పాత కారు దగ్గర పాటించవలసిన నియమమూ ఇదే.

పట్టీ దేనితో నిలిచి ఉన్నదో ముందు తెలుసుకోవాలి. సాధారణంగా నాలుగు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది, రేకు రంధ్రాలలో బిగించిన క్లిప్పుల మీద పట్టీని నొక్కి కూర్చోబెట్టడం. రెండవది, పట్టీ వెనుక ఉన్న మరమేకును రేకులో నుండి లోపలికి పంపి నట్టుతో బిగించడం. మూడవది, తలుపు అంచున, సులభంగా కంటపడని చోట స్క్రూ వేయడం. నాలుగవది, తరువాతి కాలపు కార్లలో వచ్చిన రెండు వైపులా అంటుకునే నురుగు టేపు. ఒకే పట్టీకి నడుమ క్లిప్పులు, చివర నట్టు ఉండటం కూడ కద్దు. కనుక లాగితే రాని పట్టీని మరింత బలంగా లాగరాదు. ఎక్కడో ఒక నట్టు మిగిలి ఉన్నదని గ్రహించాలి.

తలుపు పట్టీలైతే లోపలి డోర్ ప్యాడ్ ముందుగా విప్పి, అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, టార్చిలైటు వేసి వెనుక నుండి చూడటం మేలు. లోపలి రేకు అంచులు కత్తుల వలె ఉంటాయి. చేతికి తొడుగులు వేసుకోవాలి. నట్లు తుప్పుపట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె చల్లి ఒక రాత్రి వదిలేయాలి. మరునాడు పానాను కొద్దిగా బిగించే వైపు కదిపి, ఆ తరువాత వదులు చేసే వైపు త్రిప్పితే, మేకు విరిగే ప్రమాదం తగ్గుతుంది.

విప్పక ముందే ప్రతి పట్టీకీ ఛాయాచిత్రం తీసుకోవాలి. మాస్కింగ్ టేపు ముక్క మీద ‘ఎడమ, ముందు తలుపు’ అని వ్రాసి పట్టీకి అంటించాలి. పట్టీకి పైనా క్రిందా రంగు మీద రెండు మూడు పొరల టేపు వేయాలి. ఇది జారిన పనిముట్టు నుండి రంగును కాపాడుతుంది. తిరిగి బిగించేటప్పుడు కొలతగా కూడ పనికివస్తుంది.

చివర నుండి, క్లిప్పు ప్రక్కనే

క్లిప్పుల మీద ఉన్న పట్టీని చివర నుండి ఆరంభించాలి. ఇనుప స్క్రూడ్రైవరు ఇక్కడ శత్రువు. దాని మొన ఒక్క బిందువు మీద బలమంతా మోపి, ఒకవైపు రేకును సొట్ట చేస్తుంది, మరొకవైపు పట్టీని మడుస్తుంది. గట్టి ప్లాస్టిక్కుతోనో, టేకు చెక్కతోనో చేసిన పలుచని చీలను వాడాలి. అది లేనిచోట పుట్టీ బ్లేడుకు గుడ్డటేపు చుట్టి వాడవచ్చును.

మొదటి క్లిప్పు ఎక్కడున్నదో వెనుక నుండి చూసి గాని, సన్నని ప్లాస్టిక్ ముక్కను సందులో మెల్లగా నడిపి గాని కనిపెట్టాలి. చీలను ఆ క్లిప్పుకు ఆనుకునేంత దగ్గరగా చొప్పించి మెలమెల్లగా ఎత్తాలి. క్లిప్పుల మధ్య ఖాళీ చోట ఎత్తితే, చివరలు పట్టుకొని ఉండగా నడుమ భాగం విల్లు వలె వంగుతుంది. పట్టీలు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే. ఒక క్లిప్పు వదలగానే రెండవదానికి పోవాలి. వదలిన చివరను మరొకరు చేతితో ఆసరా ఇచ్చి పట్టుకోవాలి. పొడవైన పట్టీ తన బరువుకు తానే వంగిపోగలదు. కొన్ని పట్టీలు పైకి లేవవు, ప్రక్కకు జారి వస్తాయి. అట్టివాటి చివర స్క్రూ తీసి, సబ్బు నీరు పోసి, పొడవునా నెమ్మదిగా జరపాలి.

అక్షరాలూ చిహ్నాలూ మరింత సుకుమారమైనవి. పాతవి జింకు మిశ్రమంతో పోతపోసినవి. వయసు పైబడిన ఆ లోహం పెళుసెక్కి, వెనుక మేకు పుటుక్కున విరుగుతుంది. వాటిని ముందు నుండి ఎత్తక, వెనుక నట్టు విప్పి బయటికి నెట్టడమే క్షేమం. అద్దం చుట్టూ రబ్బరులో కూర్చిన మెరుపు పట్టీని ఒంటరిగా తీయబోరాదు. ఎండిన రబ్బరు మీద చూపిన బలం గాజు మీదికి పోయి పగులు తెస్తుంది. అది అద్దాల పనివానికి వదలవలసిన భాగం.

పతంగి దారం వద్దు

టేపుతో అంటించిన పట్టీకి వేడి కావాలి. చల్లని జిగురు గట్టిపడి రంగును వెంట పెట్టుకొని వస్తుంది. తల ఆరబెట్టుకొనే యంత్రంతో ఒక జానెడు మేర వేడి చేసి, చేయి ఆనిస్తే వెచ్చగా ఉండి ఓర్చుకోగలిగినంతటితో ఆపాలి. పెయింటు వలిచే వేడిగాలి తుపాకీ పాత రంగును పొంగిస్తుంది. వేడెక్కిన జిగురు నడుమ నైలాను గాలపు దారాన్ని రెండు చేతులతో పట్టి, రంపం వలె అటూ ఇటూ ఆడిస్తూ కోయాలి.

సూరత్‌లో దారానికి కరువు లేదు. ఉత్తరాయణ పండుగకు అక్కడ తయారయ్యే మాంజా పేరుపొందినది. కాని ఈ పనికి దానిని ముట్టరాదు. గాజుపొడి పూసిన ఆ దారం జిగురుతో పాటు రంగునూ గీరివేస్తుంది. మిగిలిన జిగురును బొటనవ్రేలితో ఉండలుగా దొర్లించి తీసి, చివరి జిడ్డును టర్పెంటైను తడిపిన గుడ్డతో తుడవాలి. ముందుగా కంటపడని మూల పరీక్షించడం మరువరాదు. థిన్నరు మాత్రం దరి చేరనీయకూడదు. అది పాత లాకరు రంగును క్షణాలలో కరిగిస్తుంది.

విప్పిన తరువాత

విప్పిన పట్టీలను గోడకు ఆనించి నిలబెట్టరాదు. పొడవైన చెక్క మీద పరచి, వదులుగా కట్టి ఉంచాలి. తుప్పుపట్టని ఉక్కు పట్టీలోని చిన్న సొట్టను మెత్తని కొయ్య దిమ్మె మీద వెనుక నుండి తట్టి సరిచేయవచ్చును, పాలిష్ పట్టవచ్చును. క్రోమియం పూత లేచినదానికి మళ్ళీ పూత పూయించాలి. ఆ పూతకు వాడే ద్రావణాలలో విషపదార్థాలు ఉంటాయి గనుక అది ఇంటి పెరటిలో చేయదగినది కాదు. అల్యూమినియానికి పైన రక్షణ పొర ఉంటుంది. గట్టిగా రుద్దితే ఆ పొర పోయి వెలవెలబోతుంది. సబ్బు నీటితో కడిగితే చాలును.

రేకు రంధ్రాల చుట్టూ తుప్పును శుభ్రంగా గీకి, ప్రైమరు వేసి, రంగు పూర్తిగా ఆరిన తరువాతనే పట్టీలు బిగించాలి. పాత క్లిప్పులను మళ్ళీ వాడటం పొదుపు కాదు. వాటి పట్టు సడలి ఉంటుంది. ప్రతి రంధ్రంలోనూ నీరు చొరని మెత్తని సీలరు నింపితే, ఇన్నాళ్ళుగా కారును తిన్న తేమకు దారి మూసుకుంటుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ రేకుల పందిరి క్రిందికి వెళదాం. ఆదివారం సాయంకాలం అయింది. కుమారుడు మొదటి తలుపు పట్టీని విప్పగలిగాడు. దాని వెనుక నుండి ఎండిన ఒండ్రు పొడిగా రాలింది. ఒకచోట రేకు చిల్లు పడేందుకు సిద్ధంగా ఉన్నది. మరొక్క వర్షాకాలం ఆలస్యమైతే ఆ తలుపు దక్కేది కాదు. మట్టి తుడిచిన మేర, రెండు వ్రేళ్ళ వెడల్పున, లేత నీలిరంగు గీత ఒకటి బయటపడింది. ఆ కారును అతడు చిన్ననాటి నుండి తెల్లగానే ఎరుగును. ఎండ సోకక, తరువాతి రంగుల పూతలు తాకక, పట్టీ చాటున పదిలంగా ఉండిపోయిన మొదటి రంగు అది. తండ్రి ఆ కారును ఇంటికి తెచ్చిన రోజున అది ఆ రంగులో ఉన్నది.

సోమవారం ఉదయం పనివాడు తెలుపు రంగు డబ్బాతో వచ్చినప్పుడు, కుమారుడు అతనిని ఆ గీత దగ్గరికి తీసుకువెళ్ళి, ఇదే రంగు కలపగలవా అని అడిగాడు.