పాత కంప్యూటర్‌కు ఎక్స్‌టర్నల్ డిస్క్ ఊపిరి

కర్నూలు, కడప: విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితంగా భద్రతా అప్‌డేట్లు అందించే సాధారణ గడువు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ తప్పనిసరి. 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో అధిక భాగానికి ఆ అర్హత లేదు. దీంతో ఇళ్లలో, డీటీపీ దుకాణాల్లో ఇన్నాళ్లూ చక్కగా పనిచేసిన కంప్యూటర్లను ఏం చేయాలన్న ప్రశ్న ఎదురవుతోంది. వాటిని పారవేయనక్కర లేదు. యూఎస్‌బీకి తగిలించే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ నుంచే లినక్స్‌ను నడుపుకోవచ్చు.

ఎవరికి మేలు?

పెళ్లి పత్రికలు, కరపత్రాలు తయారుచేసే డీటీపీ దుకాణాలవారు పేజ్‌మేకర్, అను ఫాంట్లను విడిచిపెట్టలేరు. ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ విండోస్‌లోనే ఉంటాయి. ఇటువంటివారు లోపలి విండోస్‌ను ఇంటర్నెట్ లేకుండా డీటీపీకే వాడుకుని, ఈమెయిల్, బ్యాంకు పనులు, దరఖాస్తులను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోని లినక్స్‌లో చేసుకోవడం క్షేమకరం. ఇడుపులపాయలోని ఆర్జీయూకేటీ వంటి విద్యాలయాల్లో ల్యాప్‌టాప్‌తో చదువుకునే విద్యార్థులకూ ఇది ఉపయోగమే. ల్యాప్‌టాప్ సంస్థకు చెందినదైతే ముందుగా అనుమతి తీసుకోవాలి.

తెలుగులో మెనూలు కావాలనుకునేవారికీ దారి ఉంది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో కనిపించే లినక్స్‌ను రూపొందించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది.

విండోస్‌నే ఇలా నడపవచ్చా అంటే, అది అంత సులభం కాదు. సాధారణ విండోస్ ఇన్‌స్టాలర్ యూఎస్‌బీ డిస్క్‌ను అంగీకరించదు. ఇందుకోసం 2012లో విండోస్ 8తో వచ్చిన ‘విండోస్ టు గో’ సదుపాయాన్ని 2020లో తొలగించారు.

ఎలా చేయాలి?

ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నదంతా ఇన్‌స్టలేషన్‌లో చెరిగిపోతుంది. కనుక అందులోని ఫొటోలు, ఫైళ్లను ముందే వేరొకచోట భద్రపరచుకోవాలి. లినక్స్ ఐఎస్‌ఓ ఫైలును డౌన్‌లోడ్ చేసి, రూఫస్ వంటి సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. కంప్యూటర్ ఆన్ చేయగానే బూట్ మెనూ మీటను నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. డెల్, లెనోవో కంప్యూటర్లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 మీట ఇందుకు పనిచేస్తుంది. తర్వాత ఇన్‌స్టాలర్ డిస్క్‌ల జాబితా చూపినప్పుడు, పరిమాణాన్ని బట్టి ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను గుర్తించి దానినే ఎంచుకోవాలి.

అసలు మెలిక బూట్‌లోడర్

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. లినక్స్‌ను ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసినా, కంప్యూటర్‌ను మేల్కొలిపే బూట్‌లోడర్‌ను కొన్ని ఇన్‌స్టాలర్లు లోపలి డిస్క్‌లోనే రాసేస్తాయి. అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్‌ను ఊడదీస్తే విండోస్ కూడా తెరుచుకోకపోవచ్చు. ఆ డిస్క్ వేరొక కంప్యూటర్‌లో పనిచేయకపోవచ్చు. కరెంటు తీసి, లోపలి డిస్క్ కేబుల్‌ను విప్పి ఇన్‌స్టాల్ చేయడమే అన్నిటికన్నా భద్రమైన మార్గం. పని పూర్తయ్యాక తిరిగి తగిలించుకోవచ్చు. విండోస్‌లో బిట్‌లాకర్ ఉంటే, బయాస్‌లో మార్పులు చేసే ముందే రికవరీ కీని కాగితం మీద రాసి ఉంచుకోవాలి.

వేగం, జాగ్రత్తలు

పాత యూఎస్‌బీ 2.0 వేగం గరిష్ఠంగా సెకనుకు 480 మెగాబిట్లు. యూఎస్‌బీ 3.0కు అది 5 గిగాబిట్లు. సాధారణంగా నీలిరంగులో ఉండే 3.0 పోర్టునే వాడాలి. తిరిగే హార్డ్‌డిస్క్ కన్నా ఎస్‌ఎస్‌డీ ఎంతో చురుకుగా పనిచేస్తుంది, కుదుపులనూ తట్టుకుంటుంది. సిస్టమ్ నడుస్తుండగా కేబుల్ కదిలినా, కరెంటు పోయినా ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాబట్టి డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. రాయలసీమ ఎండల్లో డిస్క్‌ను నిలిపి ఉంచిన కారులోనో, బండి డిక్కీలోనో వదలరాదు. జేబులో తిరిగే డిస్క్ పోయే అవకాశమూ ఎక్కువే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే, పోయినా అందులోని వివరాలు పరుల చేతికి చిక్కవు. ముఖ్యమైన ఫైళ్లకు మరో నకలు తప్పనిసరిగా ఉంచుకోవాలి.