ఆఫ్రికా నత్తయు దాని గుల్లయు



మన చెరువులలో దొరకు నత్తను మీరెల్లరు నెఱుగుదురు. దాని గుల్లకు గట్టి మూత యుండును. ఇపుడు తోటలలో రాత్రివేళ ప్రాకుచు లేతమొక్కలను కొఱుకు పెద్దనత్త యది కాదు. దీనికి మూత లేదు. ఇది తూర్పు ఆఫ్రికాకు చెందిన నేలనత్త. 1847లో బెన్సను అను నతడు దీనిని మారిషసు దీవినుండి తెచ్చి కలకత్తాలో విడిచెను. పిమ్మట మొక్కల వేళ్ల మట్టితోడను సరకులతోడను అనేక రాష్ట్రములకు ప్రాకినది.

గుల్ల గోధుమవన్నెతో, నిలువుచారలతో, కొనదేలి శంఖమును బోలియుండును. సాధారణముగా మూడు నాలుగంగుళముల పొడవు. ఇది సున్నముతో నేర్పడునది గనుక నత్త గోడపూతను సైతము గీకి తినును. నాచారమున చేలు పోయి కర్మాగారములును ఇండ్లును వెలసినవి గదా! పాతగోడల పెళ్లలు, చెత్తకుప్పలు, పెరటి బొప్పాయిచెట్లు దీనికి చాలిన కాపురము. ఉప్పలు వద్ద మూసీ యొడ్డున ఆకుకూరలు, పచ్చిగడ్డి పెంచు తడినేలయు దీనికి మిక్కిలి యనుకూలము.

వేసవిలో నత్త గుల్లలోనికి ముడుచుకొని, వాకిట తెల్లని పలుచని పొర కట్టుకొని నెలలకొలది నిద్రించును. మనము చచ్చినదనుకొందుము. నేనును అట్టి గుల్లలను ఎరువుకుప్పపై పాఱవేసి, తొలకరి వానకు అవి లేచి నడచుట చూచి సిగ్గుపడితిని. చేత నెత్తి చూడుడు: బరువున్నచో ప్రాణమున్నది. వేసవిలోనే రాళ్లసందులు, గట్లు వెదకి యేఱుట మేలు. తొలకరి దాటినచో పని పదింతలగును. వీనిలో ఆడుమగ భేదము లేదు, ప్రతి నత్తయు గ్రుడ్లు పెట్టును. ఒక్క తడవకు 100 మొదలు 400 వఱకు, జొన్నగింజలంత తెల్లని గ్రుడ్లను మట్టిలో దాచును.

వానకాలమున సాయంకాలము తడిగోనెలు, బొప్పాయి ఆకులు మడిలో పఱచి, తెల్లవాఱుజామున వాని క్రింద చేరిన నత్తలను ఏఱి, బొక్కెనెడు చిక్కని ఉప్పునీటిలో వేయుడు. ఉప్పును మడిలో చల్లరాదు, నేల చెడును. చచ్చినవానిని మూరెడు లోతున పూడ్చుడు. చేతికి తొడుగు తప్పదు. ఎలుకలనుండి వచ్చు ఒక సన్నని పురుగు ఈ నత్తలలో నుండి, మనుష్యుల మెదడునకు హాని చేయును. ఆకుకూరలు బాగుగా కడిగి వండుకొనుడు. మెటాల్డిహైడు పలుకులు నత్తలను చంపును గాని కుక్కలకును పసిపిల్లలకును విషమే; కూరమళ్లలో నేను వాని జోలికి పోను.

క్రొత్త మొక్కలు కొనునపుడు కుండీ యడుగును, వేళ్ల మట్టిని విదల్చి చూచి మఱి యింటికి తెండు.