బొగ్గుబాయి పక్కన పుస్తకాల గది

గోదావరిఖనిలో సొంతిల్లు ఉన్నవాళ్లంతా, పుస్తకం ముట్టినా ముట్టకపోయినా, గ్రంథాలయానికి చందా కడుతున్నవాళ్లే. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం చేసిన ఏర్పాటిది. పన్ను రెండు వేలయితే 160 రూపాయలు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలన్నమాట. వసూలైన సొమ్ము స్థానిక సంస్థల దగ్గరే ఆగిపోతోందన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా ఏళ్లుగా వినిపిస్తున్నదే. ఇక సింగరేణి బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్‌లో ఉండే కార్మికుడు ఇంటిపన్ను రసీదు చూడాల్సిన పనే ఉండదు గనక ఈ ముచ్చట తెలిసే అవకాశమూ తక్కువ. ఏదేమైనా, గ్రంథాలయం గదిలో కుర్చీ లాక్కుని కూర్చోవడానికి ఎవరి దయా అక్కర్లేదు.

★

శాఖా గ్రంథాలయాలు మామూలుగా పొద్దున 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరిచి ఉంటాయి. వారపు సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. గనుల కోసమని పెట్టిన వేళలు కావివి. అయినా మూడు షిఫ్టుల ఊరికి భలే కుదిరాయి. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాడికి సాయంత్రపు వేళ, రెండో షిఫ్టుకు పోయేవాడికి పొద్దుటి వేళ అందుతుంది. మూడో షిఫ్టు చేసి పగలంతా పడుకున్నవాడు లేచి, టీ తాగి వచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. ఆదివారం, గనికి సెలవైన ప్లే డే నాడు కూడా పేపరు దొరుకుతుంది. ఎటొచ్చీ జనరల్ షిఫ్టు వాళ్లకే చిక్కు.

★

ఆ మూడేసి గంటలు ఇప్పటి పాఠకుడికి మాత్రం ఎటూ చాలవు. ఎందుకో తెలియాలంటే గని లెక్కలు చూడాలి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. బొగ్గు తగ్గిందా అంటే లేదు, 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. తట్టతో, పారతో బొగ్గు ఎత్తే తట్టాచెమ్మస్ పని పోయింది, ఓపెన్‌కాస్టులూ యంత్రాలూ వచ్చాయి. 2014లో అడ్రియాల లాంగ్‌వాల్ మొదలైంది. తండ్రికి బాయిలో మస్టర్ పడుతోందంటే కొడుక్కీ ఏదో ఒక దారి ఉంటుందనుకున్న కాలం ఒకటుండేది. కారుణ్య నియామకాలు ఇప్పటికీ ఉన్నాయి గానీ అందరి పిల్లలకూ అవి సరిపోవు. దాంతో ఆ పిల్లలు గ్రూప్స్‌కు, పోలీసుకు, రైల్వేకు, బ్యాంకుకు చదువుతున్నారు. సింగరేణి నోటిఫికేషన్ పడితే దానికీ చదువుతారు.

వీళ్లకు కావలసింది బీరువాలోని పుస్తకం కాదు. దాన్ని సంచీలో తామే తెచ్చుకుంటారు. కావలసింది కుర్చీ, ఫ్యాను, వెలుతురు, మంచినీళ్లు, ఆడపిల్లలకు శుభ్రమైన మరుగుదొడ్డి, ఫోనుకు చార్జింగ్ ప్లగ్గు. ఇంకా కుదిరితే వైఫై. పాత తరం పాఠకులు కొందరు దీన్ని చూసి పెదవి విరుస్తారు, గైడ్లు చదువుకునేందుకా గ్రంథాలయం అని. నాకది సబబుగా తోచదు. రెండు గదుల క్వార్టర్‌లో, రాత్రంతా బాయిలో పనిచేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోతుంటే, గిన్నె చప్పుడు కూడా కానీయకుండా మసలే ఇల్లది. ఆ ఇంట్లో ఓ పిల్ల పోటీ పరీక్షకు చదవాలి. నెలకింత అని తీసుకునే ప్రైవేటు రీడింగ్ రూములు ఉన్నవాళ్లకే ఉన్నాయి. ఆ పిల్లకు ఓ కుర్చీ, తండ్రికి కంటినిండా నిద్ర: గ్రంథాలయం ఇవాళ ఈ ఊరికి చేయగల పెద్ద సేవ ఇదేనంటాను.

★

బాయిలో పైమెట్టు ఎక్కాలన్నా పరీక్షలే. గ్యాస్ టెస్టింగ్, షాట్‌ఫైరర్, మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, ఆపైన సెకండ్ క్లాసు, ఫస్ట్ క్లాసు మేనేజర్. ఇవన్నీ ధన్‌బాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) అజమాయిషీలో నడుస్తాయి. అరవయ్యేళ్లు చెలామణి అయిన 1957 నాటి బొగ్గుగనుల నియమావళిని పక్కనపెట్టి 2017లో కొత్త నియమావళి తెచ్చారు. ఆ రోజుతో బీరువాల్లోని పాత నియమాల పుస్తకాలన్నీ చెల్లని నోట్లయ్యాయి. పాత రూలు బట్టీ పట్టినవాడు పరీక్షే తప్పుతాడు, మళ్లీ రాసుకోవచ్చు. కానీ పాత రూలుతో బాయి దిగితే? రక్షణకు సంబంధించిన పుస్తకాల విషయంలో కొత్తది కొనడం ఎంత సేవో, పాతది తీసేయడమూ అంతే సేవ. స్టాకు రిజిస్టరుకు లెక్క చెప్పుకోవాలి గనక తీసేయడానికి చాలాచోట్ల జంకుతారు. కనీసం అట్ట మీద ‘రద్దయినది’ అని ఓ ముద్ర కొట్టినా మేలే.

★

గ్రంథాలయాల్లో వాడే డ్యూయీ దశాంశ పద్ధతిలో బొగ్గు తవ్వకం నంబరు 622.334. తెలుగు సాహిత్యానిది 894.827. మరి బొగ్గుబాయి కార్మికుల కథలు రాసిన అల్లం రాజయ్యను ఎక్కడ వెతకాలి? రెండో నంబరు దగ్గరే.

★

ఆడవాళ్లు భూగర్భ గనిలో పనిచేయకూడదని 1952 నాటి గనుల చట్టం అడ్డుకట్ట వేసింది. 2019లో కేంద్రం షరతులతో సడలించింది. దాంతో సాంకేతిక, పర్యవేక్షక, మేనేజరు పనులకు ఆడవాళ్లు కూడా కిందికి దిగే వీలు కలిగింది. మైనింగ్ పుస్తకాల బీరువాను మగపిల్లల బీరువా అనుకునే అలవాటుకు కాలం చెల్లింది.

★

గని కార్మికులు తామే పోగేసుకున్న గ్రంథాలయాలకు పెద్ద చరిత్రే ఉంది. స్కాట్లాండ్‌లోని లెడ్‌హిల్స్ అనే ఊళ్లో సీసపు గనుల కార్మికులు 1741లో పఠన సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని పుస్తకాలు కొన్నారు. బ్రిటన్‌లో చందా గ్రంథాలయాలకు ఆద్యులు ఈ గనివాళ్లే.

వేల్స్ బొగ్గు ప్రాంతంలో కార్మికులు జీతంలో పౌనుకు ఒక పెన్నీ చొప్పున కోయించుకుని భవనాలు కట్టుకున్నారు, పుస్తకాలు కొన్నారు. యూనియన్ చందా జీతంలో కోతపడటం తెలిసిన సింగరేణి కార్మికుడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. 1930ల నాటికి ఆ ప్రాంతంలో వందకు పైగా కార్మిక గ్రంథాలయాలు ఉండేవి. ట్రెడెగర్ అనే ఊరి గ్రంథాలయంలో చదువుకున్న ఓ కుర్రాడు పదమూడేళ్లకే బాయి దిగినవాడు. తర్వాత ఆ గ్రంథాలయ కమిటీలోనే పనిచేసి, ఏ పుస్తకం కొనాలో తేల్చేవాడయ్యాడు. పేరు అన్యూరిన్ బెవన్. 1948లో బ్రిటన్ ప్రజలందరికీ ఉచిత వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవను ఆరోగ్యమంత్రిగా ప్రారంభించింది అతనే.

★

మన దగ్గర బొగ్గూ పుస్తకమూ ఇంచుమించు ఒకేసారి మొదలయ్యాయి. నిజాం రాజ్యంలో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది 1889లో. హైదరాబాదులో ఆసఫియా గ్రంథాలయం, అంటే ఇప్పటి అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1891లో. తెలుగు పుస్తకానికంటూ చోటు దొరకడానికి మరో పదేళ్లు పట్టింది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో వెలిసింది.

★

1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా ప్రయాణికులు చదువుకుంటూ పోయేవారు. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో, బొగ్గు గనులున్న కెంటకీ కొండల్లో, గుర్రాల మీదా కంచరగాడిదల మీదా ఇంటింటికీ పుస్తకాలు చేరవేసే పథకం మొదలైంది. మోసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పుస్తకాలు చాలకపోతే పాత పత్రికల్లోంచి వంటలూ కుట్టుపనులూ కత్తిరించి, అతికించి, పుస్తకాలుగా కుట్టి పంచారు. 1943 దాకా నడిచిందా పథకం. ఇప్పుడు రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల సౌర విద్యుత్ పలకలు తేలుతున్నాయి. పుస్తకాలు తేలిన తెలుగు నేలకు ఇదో లెక్క కాదు!

★

భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహిస్తోంది. 2018లో జాతికి అంకితమైంది. ఫోన్‌లోనే ఉచితంగా వాడుకోవచ్చు. బాయిలోకి మాత్రం ఫోన్ తీసుకుపోకూడదు. మీథేన్ గ్యాసు ఉన్నచోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రాణాంతకం. కాబట్టి ఎనిమిది గంటల షిఫ్టులో డిజిటల్ గ్రంథాలయం కూడా పైనే ఆగిపోతుంది.

★

చూపు లేనివాళ్లు, పుస్తకం పట్టి చదవలేనివాళ్లు పుస్తకాన్ని వినే రూపంలో చేసుకోవడానికి కాపీరైట్ అడ్డు రాకూడదని 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది. దాన్ని అన్ని దేశాలకన్నా ముందు, 2014లోనే ఆమోదించింది భారతదేశం. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం కూడా మొదలైంది. ఈ సౌకర్యం ఉందని చెప్పి, పేరు నమోదు చేయించే మనిషి శాఖా గ్రంథాలయంలో ఒక్కరున్నా చాలు.

★

డెన్మార్క్‌లో 2000లో ‘మనుషుల గ్రంథాలయం’ అని ఒకటి మొదలైంది. అక్కడ పుస్తకానికి బదులు ఓ మనిషిని అరువు తెచ్చుకోవచ్చు. ఎదురుగా కూర్చుని, ప్రశ్నలడిగి, వాళ్ల జీవితం వినొచ్చు. హైదరాబాదులోనూ ఇలాంటి కార్యక్రమాలు జరిగాయి. గోదావరిఖనికి ఇంతకన్నా నప్పే సేవ నాకు మరోటి కనిపించదు. కోల్‌ఫిల్లర్‌గా టబ్బులు నింపినవాళ్లు, ఆ టబ్బులు లాగే హాలర్ నడిపినవాళ్లు, 1998లో సింగరేణిలో మొట్టమొదటిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకున్నప్పుడు వరుసలో నిలబడ్డవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. నెలకో ఆదివారం, ఓ బెంచీ, టీ, రికార్డు చేయడానికో ఫోను. దీనికి బడ్జెట్ ఏం కావాలి?

★

వేల్స్‌లో గనులు మూతపడ్డాక కార్మికుల గ్రంథాలయాలు చెదిరిపోసాగాయి, పుస్తకాలు వ్యాపారుల పాలయ్యాయి. మిగిలినవాటిని కాపాడటానికి 1973లో స్వాన్సీ విశ్వవిద్యాలయంలో దక్షిణ వేల్స్ గని కార్మికుల గ్రంథాలయం పెట్టారు. పుస్తకాలతోపాటు యూనియన్ జెండాలనూ, కార్మికులు చెప్పిన జ్ఞాపకాల రికార్డులనూ భద్రపరిచారు.

మన గనులు నడుస్తూనే ఉన్నాయి, కాగితాలు మాత్రం పోతున్నాయి. ఓపెన్‌కాస్టుల కింద ఊళ్లు పోయాయి. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లలో మరికొన్ని మునిగాయి. రాజయ్య కథలూ, పి.చంద్ నవలలూ కొంత పట్టి ఉంచాయి గానీ, కథ వేరు, కాగితం వేరు. గేటు మీటింగు కరపత్రం, సమ్మె నోటీసు, పాత యూనియన్ పత్రిక, రిటైరైన రోజు పిట్ ముందు దిగిన గ్రూపు ఫొటో, పోయిన ఊరి పేరున్న పట్టా నకలు: ఇవేవీ అంగట్లో కొనేవి కావు. ఏ ప్రచురణకర్తా అమ్మడు. ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ వీటికో బీరువా ఉండాలి.

మీ ఇంటి అటక మీద అలాంటి మూట ఉంటే పాత పేపర్ల బండికి తూకం వేయకండి. ముందు మీ గ్రంథపాలకుడికి చూపించండి. దాచడానికి చోటు లేదంటే, కనీసం ఫొటోలు తీసి పెట్టమని అడగండి. అదీ కుదరదంటే జిల్లా గ్రంథాలయ సంస్థకు ఓ అర్జీ రాయండి. రూపాయికి 8 పైసలు కడుతున్నది మీరే.