పవర్ పెంచితే సరా... గేర్‌బాక్స్ తట్టుకోవద్దూ!

'ఇంజిన్ టార్క్‌ని 250 న్యూటన్ మీటర్ల నుంచి 400కి పెంచాం. గేర్‌బాక్స్‌లో ఏం మారుస్తావ్?' కోర్ కంపెనీ ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురైతే 'గట్టి గేర్లు వేస్తా సర్' అని ఊరుకోకండి. ఆ జవాబు తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం మీరు పరీక్ష కోసం చదివి పక్కన పడేసిన మెషిన్ డిజైన్ పుస్తకంలోనే ఉంది.

పన్ను విరిచేది టార్కే

ముందు ఒక లెక్క చూద్దాం. 100 కిలోవాట్ల పవర్ 6000 ఆర్‌పీఎం దగ్గర వస్తే టార్క్ సుమారు 159 న్యూటన్ మీటర్లు. అదే పవర్ 3000 ఆర్‌పీఎం దగ్గరే వస్తే 318. పవర్ ఒకటే, గేరు పన్ను మీద భారం మాత్రం రెట్టింపు. కాబట్టి గేర్‌బాక్స్ డిజైన్‌లో మొదట అడగాల్సింది 'ఎన్ని హార్స్‌పవర్?' అని కాదు, 'ఎంత టార్క్?' అని.

ఆ టార్క్ చక్రాల దాకా వెళ్లేసరికి ఇంకా పెరుగుతుంది. మొదటి గేరు నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ 4 అనుకుందాం. ఇంజిన్ ఇచ్చే 250 కాస్తా యాక్సిల్ దగ్గర 3500 అవుతుంది. 400 ఇస్తే 5600!

ఒకటి గట్టిపడితే భారం ఇంకోదానిపై

క్లచ్: దీని సామర్థ్యం ఘర్షణ, స్ప్రింగ్ ఒత్తిడి, సగటు వ్యాసార్థం, రాపిడి తలాల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఒక ప్లేటు బదులు రెండు వేస్తే రెండు తలాలు నాలుగవుతాయి, సామర్థ్యం రెట్టింపు. అయితే క్లచ్ ఒక ఫ్యూజ్ లాంటిది కూడా. భారం ఎక్కువైతే జారి వెనకున్న గేర్లను కాపాడుతుంది. అది అస్సలు జారకుండా చేస్తే ఆ కుదుపు నేరుగా గేర్లకే తగులుతుంది. బాగా పట్టున్న టైర్లు వేసినా ఇదే కథ.

షాఫ్ట్: మెలితిప్పే బలాన్ని తట్టుకునే శక్తి వ్యాసం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వ్యాసం 10 శాతం పెంచితే బలం 33 శాతం పెరుగుతుంది.

గేర్లు: పన్ను వెడల్పు పెంచడం ఒక దారి. పైపొర గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండేలా కార్బురైజింగ్ చేయడం రెండోది. పన్ను మొదట్లో షాట్ పీనింగ్ చేస్తే పగుళ్లు అంత తొందరగా మొదలవవు. రేసు కార్లలో నిటారు పళ్ల గేర్లు వాడేది ఎందుకంటే, ఏటవాలు పళ్లలా అవి షాఫ్ట్‌ను పక్కకి నెట్టవు. కాకపోతే బాగా చప్పుడు చేస్తాయి.

హౌసింగ్: చాలామంది మరిచిపోయేది దీన్నే. భారం పెరిగితే గేర్లు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. బేరింగులు, హౌసింగ్ కాస్త వంగినా పళ్లు అంచుల మీదే కలుస్తాయి. అప్పుడు ఎంత మంచి స్టీలైనా నిలవదు.

ఆయిల్: 300 కిలోవాట్లలో 2 శాతం నష్టమంటే 6 కిలోవాట్ల వేడి. మూడు గీజర్లు బాక్సులో పెట్టి ఆన్ చేసినట్టే! అందుకే ఆయిల్ కూలర్ కావాల్సి వస్తుంది.

వేరాన్ చెప్పే పాఠం

2005లో వచ్చిన బుగాటి వేరాన్ ఇంజిన్ 1001 పీఎస్ పవర్, 1250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. అంతకు రెండేళ్ల ముందు ఫోక్స్‌వ్యాగన్ తెచ్చిన ఆరు గేర్ల డీఎస్‌జీ సామర్థ్యం 350 మాత్రమే. అందుకే బ్రిటన్‌కు చెందిన రికార్డో సంస్థ వేరాన్ కోసం రెండు క్లచ్‌లతో ఏడు గేర్ల బాక్సును ప్రత్యేకంగా తయారుచేసింది. బలం మూడున్నర రెట్లు కావాలంటే ఉన్నదానికి అతుకులు వేస్తే కుదరదు, మొత్తం కొత్తగా ఆలోచించాలి.

ఈవీలొస్తే గేర్లతో పనేముంది?

ఈ అనుమానం చాలామందికి ఉంది. చాలా ఎలక్ట్రిక్ కార్లలో గేర్లు మార్చే పని లేకపోయినా రిడక్షన్ గేర్లు ఉంటాయి. మోటారు సున్నా ఆర్‌పీఎం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. రీజెనరేటివ్ బ్రేకింగ్‌లో భారం పన్ను రెండోవైపు పడుతుంది. ఇంజిన్ శబ్దం ఉండదు కాబట్టి గేరు చప్పుడు చెవిన పడుతుంది. అంటే గేర్లు తెలిసినవాళ్లకు పని పోలేదు, మారిందంతే.

ఇలా మొదలుపెట్టండి

మీ ఇంట్లోనో, స్నేహితులింట్లోనో ఉన్న బండి టార్క్, గేర్ల నిష్పత్తులు రాసుకోండి. ఒక్కో గేరులో చక్రం దగ్గర టార్క్ ఎంతో లెక్కకట్టండి. తర్వాత ఒక గేరు జత తీసుకుని లూయిస్ సమీకరణంతో పన్ను మీద ఒత్తిడి చూడండి. అవకాశముంటే బాహా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి పోటీల్లో ట్రాన్స్‌మిషన్ టీమ్‌లో చేరండి. రోడ్డు మీద తిరిగే బండితో మాత్రం ప్రయోగాలు వద్దు. తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్న మళ్లీ ఎదురైతే పార్టు పేరు చెప్పే ముందు మీరే అడగండి: 'సర్, ఆ టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర? ఏ గేరులో? ఎన్ని కిలోమీటర్ల లైఫ్ కావాలి?' మీకు సబ్జెక్టు వచ్చని ఆ ప్రశ్నలే చెబుతాయి.